అక్క ఊఁ అంటేనే

శివుడాజ్ఞ లేనిదే చీమైనా కుట్టదంటారు. ఆ కళ్ళజోళ్ళ దుకాణంలో మాత్రం శివుడాజ్ఞ ఒక్కటే చాలదు, మీదట అక్క "ఊఁ" కూడా పడాలి.

కింద దుకాణం, పైన ఇల్లు. కింద పెద్ద తమ్ముడు అద్దం అరగదీసి, ఫ్రేములో బిగించి, చిన్న ట్రేలో పెట్టి అక్క ముందుకి తోస్తాడు. అక్క దాన్ని కిటికీ వెలుగుకి ఎత్తి పట్టుకుంటుంది, అటూ ఇటూ వంచుతుంది, అద్దంలోంచి ఎదురు గోడ మీది క్యాలెండరు గీత వంకరపోయిందేమో చూస్తుంది, చివరికి ముక్కులోంచి వచ్చిందో గొంతులోంచి వచ్చిందో తెలియకుండా ఒక "ఊఁ" అంటుంది. అది పడ్డాకే కళ్ళజోడు గిరాకీ చేతికి వెళుతుంది. పైన ఇంట్లోనూ అదే తంతు. కర్టెన్లు ఉతకాలన్నా ఊఁ, కూరలో చిటికెడు ఉప్పు పడాలన్నా ఊఁ. వీధిలో ఆవిడకంటే పెద్దవాళ్ళు కూడా ఆవిణ్ణి అక్కా అనే పిలుస్తారు. పెళ్ళి సంబంధాలు రాలేదా అంటే, రాకేం, వచ్చాయి. వాటికీ ఊఁ అనాల్సింది ఆవిడే కనక, వాటినీ కిటికీ వెలుగులో అటూ ఇటూ తిప్పి చూసి పక్కన పెట్టేసింది.

ఇదంతా విని ఆవిడేదో పెత్తనం మరిగిన మనిషనుకునేరు! ముందే చెబుతున్నా, ఆ ఊఁ ఆవిడ కోరి నెత్తికెత్తుకున్నది కాదు. వాళ్ళ నాన్న ఉన్నన్నాళ్ళూ ఊఁ ఆయనదే. ఆయన హఠాత్తుగా పోయాక, మళ్ళీ దుకాణం తలుపులు తీసిన మొదటి రోజున ఎవరో విరిగిన ఫ్రేము పట్టుకొచ్చి "దీన్ని అతికించొచ్చా?" అని అడిగారు. అమ్మ, ఇద్దరు తమ్ముళ్ళు, ముగ్గురూ ఒక్కసారే అక్కవైపు తిరిగారు. అతికించొచ్చో లేదో అక్కకీ తెలియదు. అయినా వాళ్ళ మొహాలు చూడలేక "ఊఁ" అంది. అదే మెడకి చుట్టుకుని, ఇరవై అయిదేళ్ళయినా ఊడలేదు.

ఆవిడ మనసులో వేరే కోరిక ఉంది. ఒకసారి బట్టలు కుట్టే ఆవిడ ఒకామె నల్లద్దాల కోసం వచ్చింది. ఒక కన్ను పోతే కృత్రిమ కన్ను పెట్టించుకుందట. "చూడక్కా, నా కన్ను నలుపు, ఇదేమో తేనెరంగు. అద్దంలో చూసుకుంటే ఎవరో నా మొహంలోకి దూరి నన్నే చూస్తున్నట్టుంటుంది," అంది. ఆ మాట అక్కని పట్టేసింది. కృత్రిమ కన్ను తయారుచేసి, రెండో కంటిని పోలేటట్టు రంగులు వేసే పని ఒకటుందనీ, వేరే ఊళ్ళో ఒక కంటి ఆసుపత్రిలో దాన్ని నేర్పిస్తారనీ కనుక్కుంది. నేర్పించే పెద్దావిడ రెండుసార్లు రమ్మంది. రెండుసార్లూ అక్క "ఇల్లు వదిలి ఎలాగండీ" అంది. మూడోసారి ఆవిడే ఫోన్ చేసి, "నెలాఖరులోపు చెప్పమ్మా. నా చెయ్యి వణకడం మొదలైంది. ఇదే నేను నేర్పించే ఆఖరి జట్టు," అంది.

అక్క ఎవరికీ చెప్పలేదు. పాత చొక్కాల తెల్ల గుండీలు కత్తిరించుకుని, పై గదిలో కూర్చుని వాటి మీద కంటిపాపలు వెయ్యడం మొదలుపెట్టింది. లోకంలో అందరి పనులకీ ఊఁ అంటుంది గానీ తన పనికి తను ఊఁ అనుకోలేకపోయింది, పిచ్చిది.

సరిగ్గా అప్పుడే చిన్న తమ్ముడి గోల మొదలైంది. ఇంట్లో వాణ్ణి చిన్నోడంటారు. పై గదికి పక్క గదిలో కూర్చుని, చెవులకి డొప్పలు తగిలించుకుని ఏదో కంపెనీకి పనిచేస్తాడు. ఏం పనిరా అంటే, బ్లాక్‌చెయిన్ నెట్‌వర్కుల్ని ఒకదానితో ఒకటి పోల్చి, కంపెనీ దేన్ని తీసుకోవాలో రిపోర్టు రాయడమట.

"పోల్చడానికి కూడా జీతమిస్తార్రా?" అని అమ్మ నోరు వెళ్ళబెట్టింది. "మీ మేనత్త జన్మంతా చుట్టాల పిల్లల్ని పోల్చింది, ఒక్కరు ఒక్క పైసా విదిలిస్తే ఒట్టు."

"అది కాదమ్మా," అన్నాడు చిన్నోడు, కంచంలో అన్నం వేలితో నాలుగు ముద్దలుగా విడగొడుతూ. "బ్లాక్‌చెయిన్ అంటే ఒక చిట్టా. అది ఒకడి దగ్గర ఉండదు, ఎంతోమంది కంప్యూటర్లలో ఉంటుంది. కొత్తది రాయాలంటే వాళ్ళంతా సరిచూసి ఒప్పుకోవాలి. ఇప్పుడు బిట్‌కాయిన్ ఉంది. మామూలు కంప్యూటరున్నవాడు కూడా సరిచూడొచ్చు, ఎవడి పెత్తనమూ చెల్లదు. కానీ నత్తనడక. సెకనుకి గుప్పెడు పనులవుతాయి, మంది పెరిగితే వరసలో నిలబడాలి. సొలానా ఉంది. దానికి సెకనుకి వేల పనులైనా ఒక లెక్క కాదు. కానీ దాన్ని నడపాలంటే మహా బలమైన కంప్యూటర్లు కావాలి, అందుకని నడిపేవాళ్ళు తక్కువ. ఈథరియం ఉంది. అది చిన్నచిన్నవన్నీ పైన ఇంకో పొరలో తేల్చుకోనిచ్చి, వాటి సారాంశం మాత్రం తన చిట్టాలో రాసుకుంటుంది. అందరి చేతా ఉండాలంటే వేగం రాదు, వేగం కావాలంటే కొందరి చేతికే పోతుంది. అదీ నా తలనొప్పి."

అమ్మ మజ్జిగ పోసుకుంటూ, "ఒకటి నిదానమే ప్రధానం అంటుంది, ఇంకొకటి ఆలస్యం అమృతం విషం అంటుంది. ఈ మాత్రానికి కంప్యూటర్లెందుకురా?" అంది.

చిన్నోడు ఎడమ చేత్తో ఫోన్ తీసి ఆ మాట రాసుకున్నాడు. రాసుకుని ఊరుకుంటే బాగుండేది. అక్కవైపు తిరిగి, "అన్నిటికంటే ప్రమాదం మన ఇల్లు. మన దగ్గర అసలు నెట్‌వర్కే లేదు, అక్క ఒక్కతే ఉంది. దీన్ని సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్ అంటారు," అన్నాడు.

అక్క చెయ్యి ఆగింది. "ఫెయిల్యూరా? నేనా? నీ ముక్కు తుడిచిన దగ్గర్నుంచి నీ ఉద్యోగం దాకా అన్నిటికీ ఊఁ అన్న దాన్ని, నేను ఫెయిల్యూర్‌నా?"

"నువ్వు కాదక్కా! నీకు జలుబు చేసి గొంతు పోతే దుకాణం మూసుకోవాలి, అదీ నా మాట. మొన్న అదే జరిగిందిగా. నువ్వు సైగ చేశావు, అన్నయ్య అది ఊఁ అనుకోవాలా ఊహూఁ అనుకోవాలా తెలియక పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒకే కళ్ళజోడు తుడుస్తూ కూర్చున్నాడు."

పెద్ద తమ్ముడు కాదనలేక మంచినీళ్ళు తాగాడు.

"అయితే నెలాఖరు దాకా నేను ఊఁ అనను. మీరే నడుపుకోండి. చూస్తా మీ భాగోతం," అని అక్క కంచం ముందునుంచి లేచింది. కోపం కోపమే, కానీ లోపల ఇంకోటి కూడా కదిలింది. వీళ్ళు నడుపుకోగలిగితే తను వెళ్ళొచ్చు. నడుపుకోగలిగితే తను లేకపోయినా పరవాలేదన్నమాట. ఈ రెండింటిలో ఏది జరిగితే తనకి సంతోషమో ఆవిడకే తెలియలేదు.

మర్నాడు చిన్నోడు ఫోన్లో ఒక గ్రూపు పెట్టాడు. అమ్మ, పెద్ద తమ్ముడు, అతని పెళ్ళాం అంటే అక్క మరదలు, తను. దుకాణంలో ఏ పని జరగాలన్నా నలుగురూ అందులో ఊఁ అని రాయాలి. ఒక్క ఊఁ తగ్గినా పని జరగదు. ఎవరి పెత్తనమూ లేదు, అందరిదీ.

మొదటి గిరాకీ బస్సు కండక్టరు. కళ్ళజోడు కాడకి స్క్రూ ఊడింది. పెద్ద తమ్ముడు ఊఁ రాశాడు. మరదలు ఊఁ రాసింది. చిన్నోడు మీటింగులో ఉండి బల్ల కింద ఊఁ రాశాడు. అమ్మ స్నానానికి వెళ్ళింది. కండక్టరు కూర్చున్నాడు, లేచాడు, గోడ మీద అక్షరాల పట్టిక పైనుంచి కిందకీ కిందనుంచి పైకీ చదివాడు. అమ్మ వచ్చి, ఫోన్ కోసం వెతికి, "ఏ స్క్రూ? ఎవరిది? పెద్దదా, చిన్నదా?" అని ప్రశ్నలు రాసింది. కొత్త ప్రశ్నలొచ్చాయి కాబట్టి పాత ఊఁలు చెల్లవని చిన్నోడు రాశాడు. కండక్టరు కళ్ళజోడుని చేత్తో ముక్కుకి అదిమిపట్టుకుని, "నా బస్సు వెళ్ళిపోతోందండీ," అంటూ వెళ్ళిపోయాడు.

"చూశావా, ఇందులో ఎవరూ మోసం చెయ్యలేరు," అన్నాడు చిన్నోడు.

"మోసం చెయ్యాలన్నా గిరాకీ ఉండొద్దట్రా?" అన్నాడు పెద్ద తమ్ముడు.

పై గదిలో అక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుకుంది. అబద్ధమెందుకు, చాలా తృప్తిగా నవ్వుకుంది. ఆ రోజు గుండీ మీద వేసిన కంటిపాప కూడా నవ్వుతున్నట్టే కుదిరింది.

వారం తిరక్కుండానే పద్ధతి మారింది. అందరూ అక్కర్లేదు, దుకాణంలో ఎప్పుడూ ఉండేవాళ్ళిద్దరు, అంటే పెద్ద తమ్ముడూ మరదలూ ఊఁ అంటే చాలు. సందేహమొస్తే అమ్మ మూడో ఊఁ. చెప్పొద్దూ, పని రైలులా పరిగెత్తింది. మొగుడు ఊఁ అనేలోపే పెళ్ళాం ఊఁ అనేది. అద్దాలు అరగదీసే మెషిన్ చల్లబడ్డానికి వేళ లేదు. గిరాకీలు "అబ్బో, ఇంత తొందరగానా!" అంటే పెద్ద తమ్ముడు ఛాతీ విరుచుకునేవాడు.

అలా విరుచుకున్నప్పుడే ఒక ముసలాయన అతని పొట్టవైపు వేలు చూపించి, "అదేంటయ్యా, నీ గుండీ నన్ను చూస్తోంది?" అని అదిరిపడ్డాడు. చొక్కాకి గుండీ ఊడితే మరదలు పై గదిలో దొరికిన గుండీ తీసుకొచ్చి హడావుడిలో సరిగ్గా చూడకుండానే కుట్టేసింది. నల్లటి పాప, చుట్టూ సన్నని గీతలు, మూలన ఎర్రటి నరం కూడా ఉంది దానికి. పెద్ద తమ్ముడు దాన్ని అరచేత్తో మూసుకుని రోజంతా పనిచేశాడు. మరదలికి మాత్రం ఆ గుండీ చూశాక ఏదో అర్థమైంది. ఒకరోజు మేడమెట్ల దగ్గర విన్న అక్క ఫోన్ మాటలు గుర్తొచ్చాయి. అప్పటికి మాట్లాడలేదు.

ఇక వేగం సంగతి. బడి పెద్ద టీచరమ్మ ఒకావిడకి కుడి కంటికి ఒక పవరు, ఎడమ కంటికి ఇంకో పవరు. హడావుడిలో రెండద్దాలూ అటుది ఇటూ ఇటుది అటూ బిగిసిపోయాయి. పెద్ద తమ్ముడు ఊఁ, వెంటనే మరదలు ఊఁ. టీచరమ్మ పెట్టుకుని, "ఏదో తేడాగా ఉంది," అంది. సందేహం కనక అమ్మని పిలిచారు. అమ్మ కళ్ళజోడు పైన దిండు కింద ఉంది. దాని కోసం మెట్లెక్కడానికి బద్ధకించి, ట్రేని మొహం దగ్గరికి తెచ్చుకుని, కళ్ళు చికిలించి, "దివ్యంగా ఉంది, ఊఁ," అంది. ముగ్గురు ఒప్పుకున్నాక టీచరమ్మ కూడా నలుగురితో పాటు నారాయణా అనుకుంది. దుకాణం బయట ఉన్నది ఒకే మెట్టు. ఆవిడకి మూడు కనిపించాయి. లేని రెండు మెట్లు కూడా జాగ్రత్తగా దిగబోయి వీధిలో చతికిలబడింది.

దెబ్బ తగల్లేదు, అదృష్టం. కానీ నోరు బాగానే ఉంది. "ముగ్గురు ఊఁ అన్నంత మాత్రాన ఎడమ కన్ను కుడి కన్నవుతుందా?" అని వీధంతా వినేలా అడిగింది. చిన్నోడు గబగబా కిందకి దిగి ఆ మాట కూడా ఫోన్లో రాసుకోబోయి, ఆవిడ చూపు చూసి జేబులో పెట్టుకున్నాడు.

ఆ తర్వాత తప్పెవరిదని మొగుడూ పెళ్ళాల మధ్య మాట మాట పెరిగి, మాటలే ఆగిపోయాయి. వాళ్ళిద్దరి ఊఁల మీదే దుకాణం నడుస్తోంది కనక దుకాణమూ ఆగిపోయింది. కౌంటరు మీద ట్రేలు పేరుకున్నాయి. ఆయన అటు తిరిగి, ఆవిడ ఇటు తిరిగి కూర్చున్నారు.

అక్క ఇంక పై గదిలో కూర్చోలేకపోయింది. చేతికి నల్లరంగు అలాగే ఉంది, దడదడా కిందకి దిగి, మొదటి ట్రే అందుకుని కిటికీ వెలుగుకి ఎత్తింది. నోటి చివరదాకా ఊఁ వచ్చేసింది.

"వదినా, ఆగండి," అంటూ మరదలు ఆవిడ చెయ్యి పట్టుకుంది. "మీరిప్పుడు ఊఁ అంటే మేం జన్మలో నేర్చుకోం. మీరూ జన్మలో వెళ్ళలేరు."

"ఎక్కడికి వెళ్ళేది?" అన్నాడు పెద్ద తమ్ముడు, మాటల్లేవన్న సంగతి మర్చిపోయి.

"కళ్ళు చెయ్యడం నేర్చుకోడానికి. నెలాఖరులోపు చెప్పాలట. మీ పొట్ట మీద కన్ను ఊరికే మొలిచిందనుకున్నారా?"

అక్క మొహం దొంగతనం బయటపడ్డట్టు అయిపోయింది. "నేను వెళ్తానని ఎవరన్నారు? మీరేమో ఇలా ఏడుస్తుంటే..." అంటూ ట్రే కౌంటరు మీద పెట్టేసింది.

అమ్మ కుర్చీలోంచి లేచి వచ్చింది. "మీ నాన్న పోయినప్పుడు నీకు పంతొమ్మిదేళ్ళేగా తల్లీ. ఇంట్లో పెద్దదాన్ని నేను ఉన్నాను కదా? అయినా నేను కూడా నీ మొహమే చూశాను. నాకు భయమేసింది, అందుకని నీ నెత్తిన పెట్టేశాను. దించుకోమని ఒక్కసారైనా చెప్పాల్సింది, చెప్పలేదు," అంది. చెప్పి, ఆవిడే ముందు ఏడ్చింది. అక్క ఆవిడ కళ్ళు తుడవబోయి చెంపకంతా నల్లరంగు పూసింది. మొగుడూ పెళ్ళాం ఒకరినొకరు చూసుకుని నవ్వారు. దాంతో దుకాణం మళ్ళీ తెరుచుకుంది.

ఆ సాయంత్రం చిన్నోడు మూడో పద్ధతి చెప్పాడు. ఈసారి గొప్పలు పోకుండా, నెమ్మదిగా చెప్పాడు. స్క్రూలు, ముక్కుబిళ్ళల వంటి చిన్న పనులు కౌంటర్లో ఎవరుంటే వాళ్ళే తేల్చెయ్యాలి, ఎవర్నీ అడగక్కర్లేదు. అద్దం బిగిస్తే మాత్రం బిగించినవాళ్ళు కాకుండా ఇంకొకరు కిటికీ దగ్గర చూడాలి. మర్నాడు ఇవ్వాల్సిన ట్రేలన్నీ సాయంత్రం బల్ల మీద పరిచి నలుగురూ కలిసి చూడాలి. అమ్మ తనంతట తనే ఇంకో నిబంధన చేర్చింది. కళ్ళజోడు పెట్టుకోకుండా తను దేనికీ ఊఁ అనదు.

అలా నడిచింది. మరీ రైలులా కాదు, మరీ నత్తలా కాదు. కండక్టరు వస్తే టీ చల్లారేలోపు స్క్రూ బిగిసింది. టీచరమ్మ మళ్ళీ వచ్చి, కొత్త కళ్ళజోడుతో మెట్టు మూడుసార్లు ఎక్కి దిగి చూసుకుని, తిట్టకుండా వెళ్ళింది. ఆవిడ తిట్టకపోవడమంటే మెచ్చుకోవడమే.

చిన్నోడి రిపోర్టూ పూర్తయింది. మేనేజరు అంతా చదివి, "బాగుందయ్యా. అమ్మగారి సామెతలు కూడా బాగున్నాయి. కానీ మూడో పేజీలో 'అక్క' అని రాశావు, అదేం నెట్‌వర్కు? నేనెప్పుడూ వినలేదే," అన్నాడట.

"అది పాతదండీ," అన్నాడట వీడు, నాలుక్కరుచుకుని. "ఒక్కచోటే ఉంటుంది. ఇరవై అయిదేళ్ళలో ఒక్కరోజు జలుబు చేసి ఆగింది, అంతే."

"అంత గట్టిదైతే దాన్నే తీసుకోవచ్చుగా?"

"లేదండీ. దానికి సెలవిచ్చాం."

అక్క నెలాఖరుకి ముందురోజు ఆ పెద్దావిడకి ఫోన్ చేసి వస్తానని చెప్పింది. బస్సెక్కేటప్పుడు నలుగురూ వచ్చారు. "ఏదైనా తేడా వస్తే వెంటనే ఫోన్ చెయ్యండి, మొహమాటపడకండి," అని బస్సు కిటికీలోంచి అరుస్తూనే వెళ్ళింది.

ఫోన్ రాలేదు.

ఆవిడ ఆసుపత్రి పక్క గదిలో సామాను సర్దుకుంది. తెల్లకోటు వేసుకుని, మొదటిసారి నిజంగా ఒక కృత్రిమ కంటి గుల్లని చేతిలో పెట్టుకుని చూసింది. గుండీకంటే తేలిగ్గా ఉంది. అంత ఆనందంలోనూ ఒక చెవి ఫోన్ మీదే. ఆ రోజు రాలేదు. మర్నాడూ రాలేదు. శబ్దం తగ్గించి ఉందేమోనని చూసింది. లేదు. పక్కనున్న అమ్మాయిని బతిమాలి ఒకసారి రింగ్ ఇప్పించుకుంది. మోగింది, బ్రహ్మాండంగా మోగింది. అప్పుడు నిజంగా గుండె చివుక్కుమంది. చూశారా, ఇరవై అయిదేళ్ళ ఊఁ రెండు రోజుల్లో ఎవరికీ అక్కర్లేకపోయింది! మూడో రోజు మధ్యాహ్నం ఇంక ఆగలేక తనే చేసింది.

"ఏంట్రా చిన్నోడా, ఒక్కరూ ఫోన్ చెయ్యలేదేం? బతికే ఉన్నాననుకున్నారా లేదా?"

"అయ్యో, అది కాదక్కా." వాడు తడబడ్డాడు. "నువ్వు బస్సెక్కగానే గ్రూపులో పెట్టాను, అక్కకి ఫోన్ చేసి విసిగించకూడదు, చేస్తే మళ్ళీ మొదటికొస్తుంది అని. నలుగురూ వెంటనే ఊఁ అన్నారు. ఇంటికి కూడా చేరుకోలేదు మేం, అమ్మతో సహా ఊఁ రాసేశాం. మా గ్రూపు పెట్టిన దగ్గర్నుంచి ఇంత తొందరగా దేనికీ అందరం ఒప్పుకోలేదు."

అక్కకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి, తెల్లకోటు చేతికి తుడుచుకుంది. "అందరం అంటే ఎవర్రా?" అంది చివరికి. "నేను లేకుండా అందరం ఎలా అవుతారు? నా సంగతి తేల్చేటప్పుడు నా ఊఁ ఏదీ?"

చిన్నోడు ఫోన్ స్పీకర్లో పెట్టి దుకాణంలోకి దిగాడు. "అక్క అడుగుతోంది, తన ఊఁ ఏదీ అని."

"న్యాయమే," అన్నాడు పెద్ద తమ్ముడు.

"అయితే ఏం చెయ్యాలంటారు వదినా? మీరే చెప్పండి," అంది మరదలు.

అక్క గొంతు సవరించుకుంది. "సాయంత్రం ట్రేలు పరిచి చూస్తారుగా, అప్పుడు నాకూ ఫోన్లో చూపించండి. నన్నేం అడగొద్దు. నేనేం చెప్పను. ఊరికే మీతోపాటు చూస్తాను. సరేనా?"

అడిగి ఆగింది. నాన్న పోయాక మొదటిసారి తనొకటి అడిగి ఇంకొకళ్ళ ఊఁ కోసం చూడడం. ఇంత గుండెదడగా ఉంటుందా ఇది! ఇన్నేళ్ళూ వీళ్ళు కౌంటరు అవతల ఇలాగే నిలబడ్డారన్నమాట.

"ఊఁ," అంది మరదలు.

"ఊఁ," అన్నాడు పెద్ద తమ్ముడు.

"ఊఁ అక్కా," అన్నాడు చిన్నోడు.

నాలుగోది రాలేదు. అక్క ఫోన్ని చెవికి ఇంకా గట్టిగా నొక్కుకుంది. అటు ఏదో సొరుగు లాగిన చప్పుడు, ఏదో కింద పడిన చప్పుడు.

"అమ్మా?" అంది అక్క. "నీ ఊఁ ఏదమ్మా?"

"ఉండవే, తొందరపెట్టకు," అని అమ్మ విసుగ్గొంతు వినిపించింది. "కళ్ళజోడు దొరకనీ."